గంజాము తీరపు కుట్టుపడవ: నమూనా విద్యయు, వీడియో బోధనయు

ఒక జనసముదాయపు చరిత్ర శాసనములలోను, తామ్రపత్రములలోను, కావ్యములలోను మాత్రమే నిలిచి యుండదు. వారు చేతబట్టిన పనిముట్లలోను, నివసించిన యిండ్ల కట్టుబడిలోను, నడపిన పడవలలోను గూడ అది దాగి యుండును. గంజాము మండలపు తెలుగువారిని గూర్చి వ్రాసిన పెద్దలు సంస్థానములను, కవులను, పండితులను, న్యాయవాదులను, నాటక సమాజములను విస్తారముగా స్మరించిరి. అది యుక్తమే. కాని సముద్రపుటొడ్డున తరతరములుగా తెలుగు మాటలాడుచు, తెప్పమీదను పడవమీదను బ్రదుకు సాగించిన వారి పనితనమును గూర్చి మనము వ్రాసికొన్నది మిక్కిలి స్వల్పము.

ఆ లోటును కొంతవరకైన తీర్పవలెనని ఈ వ్యాసమున మేము ఒక పడవను గూర్చి, ఆ పడవకు కొలత ప్రకారము చిన్న నమూనా కట్టు విద్యను గూర్చి, ఆ విద్యను వీడియో మూలమున నేర్పుటను గూర్చి మనవి చేయబూనితిమి. ఇవి మూడును వేరు విషయములుగా తోచవచ్చును. కాని పడవ అంతరించినపుడు దాని రూపమును నిలుపునది నమూనా. ఆ నమూనాను కట్టిన చేతి నడకను నిలుపునది కదలు బొమ్మ. ఒకటి లేనిచో రెండవది సగమే. మా విన్నపమంతయు ఈ మాటలోనే యున్నది.

తీరమును, తీరవాసులును

రామయ్యపట్నము గంజాము జిల్లా దక్షిణ భాగమున, చికిటి ప్రాంతపు తీరమున, ఆంధ్ర సరిహద్దునకు చేరువగా నున్న మత్స్యకార గ్రామము. అచ్చటి వారి యింటి భాష తెలుగు. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము వేరుగా ఏర్పడునంతవరకు గంజాము చెన్నపురి రాజధానిలోనిదే. ఆనాడు గీచిన సరిహద్దు నేలమీద నిలిచినది. సముద్రమునకు అది పట్టలేదు. ఇచ్ఛాపురము, సోంపేట, బారువ తీరములవారికిని, రామయ్యపట్నము, గోపాలపురము తీరములవారికిని భాషయు, బంధుత్వములును, తెప్పల తీరును నేటికిని కలిసియే యున్నవి. ఒడియా సోదరులు వీరిని నోళియాలందురు. వీరిలో వాడబలిజలు, జాలారులు ముఖ్యులు. పూరీ క్షేత్రమున సముద్రస్నానమునకు దిగిన యాత్రికులను చేయిపట్టి అలలు దాటించు నోళియాలు గూడ ఈ తెలుగు తీరవాసుల శాఖయే.

ఈ తీరము నేడు నిమ్మళముగా లేదు. 2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను గోపాలపురమునకు చేరువగా తీరము దాటెను. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటి గంజామును గూడ కలత పెట్టెను. ఋషికుల్యా ముఖద్వారమున కనతిదూరమున నున్న పొదంపేట గ్రామమును సముద్రము మ్రింగివేయగా అచ్చటివారు లోపలి భూములకు తరలవలసి వచ్చెను. రామయ్యపట్నపు టొడ్డును గూడ అలలు కోయుచునే యున్నవి. యువకులు పలువురు చెన్నపట్నమునకును, పడమటి తీరపు రేవులకును పనికై పోవుచున్నారు. ఒడ్డు తరిగినపుడు ఇండ్లొక్కటియే పోవు. పడవలు కట్టు చోటు, పిల్లలు చేరి చూచు చోటు గూడ పోవును. మా తొందరకు కారణమిది.

తెప్పయు, పడవయు

మన తీరవాసులకు పూర్వమున రెండు సాధనములు కలవు: తెప్ప, పడవ. తెప్ప యనగా తేలిక దుంగలను చేర్చి కట్టినది. దానిలో నీరు నిలువదు. అల వచ్చి మీద పడినను దుంగల సందులనుండి జారిపోవును. చెన్నపట్నపు దక్షిణమున కనబడు కట్టుమరమునకును మన తెప్పకును తేడా కలదు. గంజాము, విశాఖ తీరముల తెప్ప పడవ రూపమునకు దగ్గర పడినది. అందుచేతనే జేమ్స్ హార్నెల్ అను మత్స్యశాస్త్రజ్ఞుడు దీనికి పడవతెప్ప యను అర్థము వచ్చు పేరిడి వేరు తరగతిగా లెక్కించెను.

రెండవది కుట్టుపడవ. పాశ్చాత్యులు దీనినే మసూలా యనిరి. ఈ పడవలో ఇనుప మేకు లేదు. పెద్ద ఓడలకుండు పక్కటెముకల వంటి అడ్డకొయ్యల చట్రమును లేదు. పలక అంచుల వెంబడి జంట రంధ్రములు తొలిచి, ఒక పలక అంచును మరియొక పలక అంచునకు ఆనించి, కొబ్బరిపీచు త్రాటితో కుట్టుదురు. అతుకుమీద గడ్డినో పీచునో ఒత్తుగా పెట్టి, కుట్టు దానిమీదుగా పోవునట్లు బిగింతురు. నీరు తగిలినపుడు ఆ పీచు ఉబ్బి సందును మూయును.

ఇది పేదరికము వలన కలిగిన పద్ధతియని తలచుట పొరపాటు. మన తీరమున సహజమైన రేవులు తక్కువ. అలలు ఒడ్డునకు చాల దూరముననే విరిగి, వరుసమీద వరుసగా వచ్చి ఇసుకను మోదును. మేకులు దిగగొట్టి గట్టిగా బిగించిన పడవ ఆ దెబ్బకు అతుకుల కడ పగులును. కుట్టుపడవ యన్ననో అలలో వంగును, ఇసుకమీద పడినపుడు కొంత సాగును, మరల తన రూపమునకు వచ్చును. గట్టిదనము వలన గాక లొంగుట వలన అది నిలిచినది. గోపాలపురమున ఓడలు దూరమున లంగరు వేసి నిలిచిన కాలమున, అలలు దాటించి సరకును మనుష్యులను ఓడకు చేర్చినది ఇట్టి పడవలే. రంగూనునకు పోయిన గంజాము కూలీలు, వర్తకులు ఎందరో మొదట అడుగుపెట్టినది పడవలోనే. పొగయోడ యెక్కినది ఆ తరువాతనే. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించుటతో ఆ రాకపోకలకు అడ్డుపడెను.

చూచినవారు, వ్రాసినవారు

ఈ పడవను చూచి ఆశ్చర్యపడిన విదేశీయులు మూడు శతాబ్దములకు పైగా దానిని గూర్చి వ్రాయుచునే వచ్చిరి. 1669 మొదలు 1679 వరకు బంగాళాఖాత దేశములలో తిరిగిన థామస్ బౌరీ యను ఆంగ్ల వర్తక నావికుడు తన వ్రాతప్రతిలో మసూలాను, తెప్పను వర్ణించి బొమ్మలు గూడ గీచెను. ఆ వ్రాతప్రతి 1905లో లండనునందు అచ్చయ్యెను. 1834లో జాన్ ఎడై యను నౌకానిర్మాణ శాఖాధికారి కోరమాండలు, మలబారు, సింహళ తీరముల పడవలను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. మసూలా పడవ 30 మొదలు 35 అడుగుల పొడవు, 10 మొదలు 11 అడుగుల వెడల్పు, 7 మొదలు 8 అడుగుల లోతు కలిగి యుండునని అందు వ్రాసెను. ఈ కొలతలు చెన్నపట్నపు పెద్ద పడవలకు చెందినవి; అయినను నమూనా కట్టువానికి ఇవి మిక్కిలి యుపయోగపడును.

ఫ్రెంచి నౌకాదళమునకు చెందిన ఎడ్మండ్ పారిస్ ప్రపంచమును చుట్టి వచ్చిన ఓడలలో పనిచేయుచు, పోయిన ప్రతి తీరమునను అచ్చటి పడవలను కొలిచి పటములు గీచెను. ఐరోపాకు వెలుపలి జాతుల నౌకానిర్మాణముపై ఆయన గ్రంథము 1841-43 మధ్య వెలువడినది. 1871లో ఆయన పారిస్ నగరమందలి లూవ్రు భవనమున నౌకా ప్రదర్శనశాలకు అధిపతియై, తాను గీచిన పటముల ననుసరించి పెక్కు పడవలకు కొలత నమూనాలు చేయించెను. కాగితముమీది గీత చేతితో తాకదగిన వస్తువైనది. మన హార్నెల్ చెన్నపురి మత్స్యశాఖకు అధిపతిగా నుండెను; నాడు గంజాము చెన్నపురిలోనిదగుటచే మన తీరమును ఆయన పరిశీలనలోనికి వచ్చినది. భారతదేశపు పడవల రూపములపై ఆయన గ్రంథము 1920లో ప్రకటితమయ్యెను.

వీరందరికిని మనము కృతజ్ఞులము. వీరు వ్రాయకున్న ఈ వ్యాసము సాధ్యమయ్యెడిది కాదు. కాని ఒక్క సంగతి గమనింపదగును. చూచినవాని పేరు నిలిచినది. కొలిచినవాని పేరు నిలిచినది. పడవ పేరును నిలిచినది. పలకకు రంధ్రము తొలిచి త్రాడు బిగించినవాని పేరు మాత్రము మనకు చేరలేదు. వాని మాట యెట్టిదో, ఏ ముడికి ఏ పేరు పెట్టెనో, కొడుకునకు ఏమి చెప్పి నేర్పెనో ఆ పుటలలో వినబడదు.

నమూనా చెప్పునది, చెప్పనిది

అసలు వస్తువునకు ఇన్నవ వంతు అని నిర్ణయించి, అన్ని భాగములను ఆ లెక్కననుసరించియే తగ్గించి కట్టినది కొలత నమూనా. బొమ్మకును నమూనాకును భేదమిదియే. కొండపల్లి బండి అందమైనది. కాని దాని చక్రము అసలు చక్రములో ఎన్నవ వంతో అడుగరాదు. నమూనాను అడుగవచ్చును. ఎడై కొలతలను పదవ వంతునకు తగ్గించినచో పడవ పొడవు 3 మొదలు మూడున్నర అడుగులు, వెడల్పు రమారమి ఒక అడుగు, లోతు 8 మొదలు 10 అంగుళములు అగును. ఒక విద్యార్థి బల్లమీద పెట్టుకొని కట్టుటకు ఇది తగిన పరిమాణము.

ఐరోపా ప్రదర్శనశాలలలో మసూలా నమూనాలు నేటికిని కలవు. మన రాష్ట్రమున కటకపు జోబ్రాయందు ఏర్పడిన సముద్రయాన ప్రదర్శనశాలలో పడవలను, నమూనాలను చూడవచ్చును. మన పిల్లలను అచ్చటికి కొనిపోవుట మంచిది. కాని అద్దాల పెట్టెలో నున్న నమూనా పడవ రూపమును చెప్పును గాని, పని వరుసను చెప్పదు. ఏ పలక ముందు కుట్టిరి? పలకను వంచుటకు నీటిలో నానవేసిరా, వేడి చూపిరా? లోపలివాడు త్రాడు లాగునప్పుడు వెలుపలివాడు ఏమి చేసెను? ఎంత బిగించినచో చాలును, ఎంత బిగించినచో పలక చీలును? ఈ ప్రశ్నలకు పూర్తియైన నమూనాలో సమాధానము లేదు. అది కట్టబడుచున్న గంటలలో మాత్రమే యున్నది.

పూర్వమున ఈ ప్రశ్నలు పుట్టవలసిన అవసరమే లేకపోయెను. కొబ్బరిపీచు త్రాడు ఉప్పునీటికి కొన్నాళ్లలో జీర్ణించును. అప్పుడు కుట్లు విప్పి పలకలను వేరుచేసి మరల కుట్టవలసినదే. ఇది శ్రమయే, కాని ఆ శ్రమయే పాఠశాల. తండ్రి కుట్టుచుండగా కొడుకు త్రాడందించుచు, పీచు దూర్చుచు, ఏటేట చూచి చూచి నేర్చెను. 1979లో చెన్నపట్నము కేంద్రముగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు ఆరంభించిన బంగాళాఖాత కార్యక్రమము ఒడ్డున దిగు క్రొత్త పడవలను తూర్పు తీరమున ప్రయోగించెను. తరువాతి దశాబ్దములలో ఫైబర్‌గ్లాసు పడవలు, యంత్రములు వ్యాపించినవి. క్రొత్త పడవ త్వరగా పోవును, ఎక్కువ సరకు మోయును, తరచు విప్పి కుట్టు పని లేదు. మత్స్యకారుని బ్రదుకు కొంత సులువైనది, సంతోషమే. కాని విప్పి కుట్టు పనితోపాటు పాఠశాలయు మూతపడెను.

పాఠశాల మూతపడిన తరువాత విద్యను మరల పట్టుట ఎంత కష్టమో ఇటీవలి యుదాహరణ మొకటి చూపెదము. అజంతా గుహలలో రమారమి అయిదవ శతాబ్దికి చెందిన ఓడ చిత్రమొకటి కలదు. దాని ననుసరించి కుట్టు ఓడను నిర్మింపవలెనని 2023 జూలైలో భారత నౌకాదళము, కేంద్ర సాంస్కృతిక శాఖ, గోవాకు చెందిన ఒక నిర్మాణ సంస్థ ఒడంబడిక చేసికొన్నవి. ఆ కాలపు ఓడల పటములు లేవు, నమూనాలు లేవు. గోడమీది బొమ్మనుండి రూపమును ఊహించి, చెన్నపట్నపు ఐ.ఐ.టి. యందలి సముద్ర యంత్రశాస్త్ర శాఖలో చిన్న నమూనాను నీటిలో పరీక్షించి, పిదప కట్టవలసి వచ్చెను. కుట్టు పనిని కేరళకు చెందిన బాబు శంకరన్ అను నిపుణుని ఆధ్వర్యమున పనివారు చేసిరి. ఆ ఓడ 2025 మే 21వ తేదీన కార్వారునందు కౌండిన్య యను పేరుతో నౌకాదళమున చేరెను. కేరళలో కుట్టు విద్య ఎరిగిన చేతులు మిగిలి యుండుట చేతనే ఇది సాధ్యమైనది. మన తీరమున ఆ చేతులు మిగిలినంతకాలము మనకు ఊహతో పనిలేదు. చూచి నిలుపుకొన్న చాలును.

కదలు బొమ్మ నేర్పిన పాఠములు

చిన్న నమూనాను చలచ్చిత్రమున చూపుట తెలుగువారికి క్రొత్త కాదు. 1957లో వచ్చిన మాయాబజార్ చిత్రములోని ద్వారకానగరమును మరచిన తెలుగిల్లుండదు. కళాదర్శకులు గోఖలే, కళాధర్ 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు గల స్థలమున 300 చిన్న యిండ్లను కట్టింపగా, మార్కస్ బార్ట్‌లీ దానిని మహానగరముగా చిత్రించెను. చిత్రముయొక్క పని ఆ నిర్మాణమును దాచి నగరమును నమ్మించుట. మేము కోరు వీడియో పని దీనికి సరిగా వ్యతిరేకము: వస్తువుకంటె దాని కట్టుబడిని ఎక్కువగా చూపవలెను.

ఆ మార్గమున మొదటి పెద్ద ప్రయత్నము జర్మనీలో జరిగెను. 1952లో గాట్టింగెన్ నగరమున గోట్‌హార్డ్ వోల్ఫ్ అను నతడు శాస్త్రీయ చలచ్చిత్రముల విజ్ఞానసర్వస్వము నొకదానిని ఆరంభించెను. ఒక్కొక్క చిన్న చిత్రము ఒక్కొక్క పనిని మాత్రమే మొదటినుండి తుదివరకు చూపవలెనని వారి నియమము. లోకమునందలి పెక్కు దేశముల చేతిపనులు ఆ చిత్రములలో నిలిచినవి. ఆ సంస్థ 2010లో మూతపడినను, చిత్రములు హానోవరు నగరపు గ్రంథాలయమునకు చేరి రక్షింపబడినవి. మరుగున పడుచున్న చేతి విద్యలను చిత్రించుటకై బ్రిటిషు మ్యూజియమువారు 2018 నుండి ఒక ప్రత్యేక కార్యక్రమము నడుపుచున్నారు. సంస్థలు పోవచ్చును; ప్రతులు పలుచోట్ల నున్నచో విద్య పోదు.

మన దేశమున 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహ సహాయమున 2,400 గ్రామములకు దూరదర్శన పాఠములు ప్రసారమైనవి. ఆరు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశము, ఒడిశా రెండును ఉన్నవి. భాషలలో తెలుగు, ఒడియా రెండును ఉన్నవి. కాని ఒడియా పాఠములు ఒడిశా లోపలి జిల్లాలకును, తెలుగు పాఠములు ఆంధ్రమున సముద్రమునకు దూరమైన జిల్లాలకును చేరినవి. ఒడిశాలోని తెలుగు తీరవాసి రెంటికి నడుమ మిగిలిపోయెను. ఇది ఎవరినో నిందించుటకు చెప్పుట లేదు. రెండు రాష్ట్రముల అంచున నున్న చిన్న సమాజము తన పాఠమును తానే సిద్ధము చేసికొనవలెనను సత్యమును ఇది తెలుపును.

అది అసాధ్యము కాదని తెలుగునాటనే ఋజువైనది. జహీరాబాదు సమీపమందలి పస్తాపురమున దక్కను అభివృద్ధి సంఘముచేత 1998 ప్రాంతమున శిక్షణ పొందిన దళిత స్త్రీలు, చదువు లేనివారు సహితము, కెమెరాను చేపట్టి తమ విత్తనములను, తమ సేద్యమును తామే చిత్రించిరి. 2006లో బెంగుళూరున ఆరంభమై 2008లో స్వతంత్ర సంస్థయైన డిజిటల్ గ్రీన్ మరియొక పద్ధతి చూపెను: ఒక రైతు చేయుచున్న పనిని చిత్రించి, దానిని ఇరుగుపొరుగు రైతులకు చిన్న యంత్రముతో గోడమీద చూపుదురు, గ్రామములోని ఒకరు నడుమ నడుమ చిత్రమును నిలిపి ప్రశ్నలడిగి చర్చ నడుపుదురు. ఒడిశా, ఆంధ్ర రాష్ట్రములు రెంటను ఈ పద్ధతి వ్యాపించినది. మనకు కావలసిన రెండు సూత్రములు ఇందున్నవి. తెరమీద కనబడువాడు మనవాడు కావలెను. చూపునపుడు ప్రక్కన నొకరు కూర్చుండవలెను.

నమూనా కట్టు తీరు, చిత్రించు తీరు

ఇక ఆచరణమును గూర్చి మాకు తోచిన కొన్ని మాటలు.

మొదటిది కొలత. పదవ వంతు నమూనాలో ఒక చిక్కు కలదు. అసలు పలక అంగుళము మందమైనచో నమూనా పలక అంగుళములో పదవ వంతు, అనగా రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే. అంత పలుచని పలకకు అంచున రంధ్రములు తొలిచి బిగించి కుట్టుట నేర్చుకొనువానికి దుస్సాధ్యము. త్రాటి ముడి గూడ పదవ వంతునకు తగ్గదు. కావున రెండు వస్తువులు చేయుట మేలు. పడవ రూపమునకు పదవ వంతు నమూనా. కుట్టు నేర్చుటకు మూరెడు పొడవుగల రెండు నిజమైన పలకలను, నిజమైన త్రాటితో, నిజమైన పీచుతో కుట్టిన అతుకు ముక్క. మొదటిది కంటికి, రెండవది చేతికి. వీడియోలో రెంటిని ప్రక్కప్రక్కన చూపవలెను.

రెండవది కొలబద్ద. పెద్దలు జానెడు, బెత్తెడు, మూరెడు, బారెడు అని కొలుతురు. చిత్రించువారు వారి చేత బలవంతముగా అంగుళములు చెప్పింపరాదు. వారు చేతితో కొలిచిన వెంటనే టేపుతో కొలిచి రెండును చూపిన చాలును. మనిషి మూరను బట్టి పడవ మూర పుట్టినదను సంగతి దానివలన పిల్లలకు తెలియును.

మూడవది కెమెరా నుంచవలసిన చోటు. పనివానికి ఎదురుగా నుంచిన కెమెరాలో వాని కుడిచేయి మన యెడమ వైపున కనబడును. దానిని చూచి కుట్టు నేర్వబోవువాడు తికమకపడును. పనివాని భుజముమీదుగా, వాని చూపు పోవు దిశనే చిత్రింపవలెను. ముడి వేయుచున్నప్పుడు చిత్రమును త్రుంచరాదు. సంగీతము జోడింపరాదు. త్రాడు బిగిసినపుడు పలక చేయు చప్పుడును, పెద్దాయన నోట వెలువడు మాటయును పాఠములోని భాగములే. పలక చీలినచో ఆ చీలుటను గూడ ఉంచవలెను. ఎందుకు చీలెనో అతడు చెప్పు మాట పది జయములకంటె ఎక్కువ నేర్పును.

నాలుగవది నీటిలోని పరీక్ష. 1872లో ఇంగ్లండు దేశపు టార్కీ పట్టణమున విలియం ఫ్రూడు నీటితొట్టి నిర్మించి, ఓడల నమూనాలను లాగి చూచి, చిన్న నమూనా చలనమునకును పెద్ద ఓడ చలనమునకును గల సంబంధమును స్థాపించెను. దాని ప్రకారము పదవ వంతు నమూనా అలలపై ఊగు వేగము అసలు పడవ ఊగు వేగమునకు రమారమి మూడు రెట్లు; సరిగా చెప్పవలెనన్న పదికి వర్గమూలము, 3.16 రెట్లు. చెరువులో నమూనా చిటుకు చిటుకున ఎగిరిపడుటకు కారణమిదే. నేటి సెల్‌ఫోనులలో మందగతి చిత్రణము కలదు. ఆ చిత్రమును మూడవ వంతు వేగముతో చూపినచో చిన్న నమూనా పెద్ద పడవవలె గంభీరముగా అల నెక్కి దిగుచు కనబడును. గణితము, భౌతికశాస్త్రము, తాతల విద్య మూడును ఒక్క పాఠమున కలియు సందర్భమిది. మన పాఠశాలల ఉపాధ్యాయులు దీనిని తప్పక గమనింపవలెను.

అయిదవది భాష. పెద్దాయన తీరపు తెలుగులోనే మాటలాడవలెను. ఆ మాటలను బరంపురపు నాగరిక భాషలోనికి దిద్దరాదు. తెప్పకు, తెడ్డునకు, అలకు, గాలికి, ముడికి వారు వాడు పేర్లలో నిఘంటువుల కెక్కనివి కొన్ని యుండవచ్చును. వానిని వ్రాసికొని చిత్రము క్రింద తెలుగు లిపిలోను, ఒడియా లిపిలోను ఇచ్చుట అవసరము. మన పిల్లలు పలువురు ఒడియా, ఆంగ్ల మాధ్యమములలో చదువుచు తెలుగు లిపి అంతగా ఎరుగరు. ఒడియా అక్షరములు వారికి మెట్టు కాగలవు. ఇరుగుపొరుగు ఒడియా బాలురును చూచి నేర్తురు.

ఆరవది పేరు. చిత్రము తుదను పనివాని పేరు, గ్రామము, వంశము అతని సమ్మతితో చెప్పవలెను. మూడు శతాబ్దముల గ్రంథములు చేయలేకపోయిన న్యాయమిది. దినమంతయు పనిచేసినవానికి దినవేతనము చెల్లింపవలెను. వేటకు పోవలసిన దినమును మనకొరకు వదలుకొన్నవానిని ఉత్త చేతులతో పంపుట ధర్మము కాదు.

ఒక ఆక్షేపణ

ఎవ్వరును ఎక్కని పడవను గూర్చి ఇంత శ్రమయేల యని కొంద రడుగవచ్చును. మత్స్యకారుని మరల కుట్టుపడవలోనికి పంపవలెనని మా కోరిక కాదు. అతనికి మంచి యంత్రము, మంచి ధర, తుపాను కాలమున ముందు హెచ్చరిక, గట్టి యిల్లు కావలెను; అవి మొదటివి. కాని తమ తాతలకు చదువు లేదు గనుక విద్యయే లేదని తీరపు బాలుడు తలచుట ప్రమాదము. ఇనుము లేక, చట్రము లేక, విరిగిపడు అలలో నిలుచు పడవను కట్టినవారి మనుమడు తానని అతనికి తెలియవలెను. ఆ తెలివి అతని చదువునకు బలమగును. పట్టణమందలి తెలుగు కుటుంబముల పిల్లలకును అంతే. ఈ గడ్డపై మన తెలుగు నిలిచినది కచ్చేరీలలోను, కళాశాలలలోను మాత్రమే గాదనియు, అలల నడుమ గూడ నిలిచినదనియు వారు తెలిసికొందురు.

ఉపసంహారము

గంజాములో నున్న మనకు చిన్న పడవలతో పరిచయము సంవత్సరమున రెండు మారులు కలుగుచునే యున్నది. కార్తిక పూర్ణిమ నాటి వేకువను ఒడియా సోదరులు కాగితముతోను, అరటిపట్టతోను చిన్న బోయితలు చేసి, దీపముంచి, పూర్వపు సముద్రయానములను స్మరించుచు నీట వదలుదురు. పదిహేను దినములు గడచి పోలిపాడ్యమి రాగానే మన తల్లులు అరటి దొప్పలలో దీపములు పెట్టి నీట సాగనంపుదురు. దొప్ప కట్టగల చేతికి నమూనా కట్టుట దూరము కాదు. ఆ రెండు పండుగల నడుమ దినములలో పదిమంది పిల్లలను కూర్చుండబెట్టి, రామయ్యపట్నపు పెద్దవాని యొకరిని సగౌరవముగా పిలిపించి, ఒక నమూనాను కట్టించి, మొదటి రంధ్రము మొదలు తుది ముడి వరకు వీడియోలో నిలుపవలెనని మా విన్నపము. తయారైన నమూనాను సంక్రాంతికి బొమ్మల కొలువులో నుంచవచ్చును. చిత్రపు ప్రతులను సంఘమునందొకటి, పాఠశాలయందొకటి, గ్రామమునందొకటి, ప్రతి సభ్యుని యింటనొకటి యుంచవలెను.

ఇందుకు గొప్ప ధనము అక్కరలేదు. కొన్ని మామిడి పలకలు, ఒక కట్ట పీచుత్రాడు, ప్రతి యింటనున్న సెల్‌ఫోను, కొన్ని దినముల ఓర్పు చాలును. అక్కరగునది ఒక్కటే, అది మన చేతిలో లేదు: ఆ విద్య ఎరిగిన వృద్ధుల ఆయుర్దాయము. వారుండగానే ఈ పనికి పూనుకొందముగాక.